మిద్దెమీది విద్యుత్తు, తీగలేని వార్త

గౌలిగూడ యనగానే నగరపు పెద్దలకు స్ఫురించునది ఇనుపరేకుల బస్సుల షెడ్డు. నిజాము రాష్ట్ర రైల్వేవారు 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా నారంభించిరి. విమానములను నిలుపుటకై తయారైన ఆ షెడ్డు తరతరముల ప్రయాణికులకు నీడనిచ్చి, 2018 జులై 5న కూలినది. కప్పు తీరు ముందే కనిపెట్టి బస్సులను, జనులను తొలగించియుండుటచే ప్రాణనష్టము తప్పినది. ఆపద రాకముందే వార్త అందవలెనను ఈ సూత్రమే నేడు మన మిద్దెలపై తయారగు విద్యుత్తునకును వర్తించుచున్నది.

హుస్సేన్ సాగరపు టొడ్డున 1920లో బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రము వెలసినది. ఆనాడు ఉత్పత్తి ఒక్కచోట. దానిని కనిపెట్టు ఇంజనీరు గోడమీది ముండ్లను చూచిన చాలును. ఆ కేంద్రము నేడు లేదు. ఇప్పుడు మిద్దెపై సౌరఫలకములు పరచుకొనిన ప్రతి గృహస్థుడును ఒక చిన్న కేంద్రమునకు యజమాని. పగలు మిగిలిన విద్యుత్తును వీధితీగలోనికి పంపును. రాత్రి ఆ తీగనుండియే తెచ్చుకొనును. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూరు మార్గముచే దక్షిణాది గ్రిడ్డు దేశపు గ్రిడ్డుతో ఏకమైనది. కనుక మన సందులోని తీగ దేశమంతటి తీగలో భాగమే. చెదురుమదురుగానున్న ఇన్ని మిద్దెలను కనిపెట్టుట యెట్లు?

దీనికి తోడ్పడినది రేడియో తరంగము. తరంగమనగా మనకు పాట, మాట గుర్తుకు వచ్చును. కాని 1895లో జగదీశచంద్ర బోసు కలకత్తాలో ప్రదర్శించినది మాట కాదు. ఆయన పంపిన తరంగము గోడలను దాటి గంటను మ్రోగించినది, తుపాకిమందును అంటించినది. అనగా దూరమునుండి పని చేయించుట తరంగమునకు పుట్టుకతోనే వచ్చిన విద్య. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు సిలికాను సౌరఘటమును చూపిరి. 1958 మార్చి 17న ఎగిరిన వాన్‌గార్డ్ ఉపగ్రహమున ఈ రెండు విద్యలును కలిసినవి. అందలి బ్యాటరీ ప్రేషకము ఆ సంవత్సరమే మూగవోయినది. ఎండతో నడచిన ప్రేషకము 1964 వరకు పలికినది.

మిద్దెమీద జరుగునదియు అట్టిదే. ఫలకముల ఏకముఖ విద్యుత్తును ఇన్వర్టరు ఏకాంతర విద్యుత్తుగా మార్చి, 50 ఆవృత్తుల గ్రిడ్డుతో జతకలుపును. వోల్టేజి, ప్రవాహము, ఉత్పత్తి ఎంతో కొలుచును. దానికి అమర్చిన చిన్న మోడెము ఆ లెక్కలను సెల్‌ఫోను తరంగములపై దూరముననున్న కంప్యూటరునకు చేర్చును. ఫలకములపై దుమ్ము పేరుకొన్నను, ఒక వరుస పాడైనను బిల్లు రాకముందే తెలియును. మధ్యాహ్నము వీధితీగలో వోల్టేజి మితిమీరినప్పుడు, తగిన ఏర్పాటున్నచో ఉత్పత్తిని తగ్గింపుమని ఆజ్ఞ పంపవచ్చును.

అయితే ఒక్క విషయమున తరంగమును నమ్ముకొనరాదు. మరమ్మతుకై కరెంటు తీసివేసి లైనుమాను స్తంభమెక్కినాడనుకొందము. సూర్యునకు ఆ సంగతి తెలియదు. మిద్దెమీది విద్యుత్తు వెనుకకు ప్రవహించినచో, ట్రాన్స్‌ఫార్మరు దానిని 11,000 వోల్టులకు పెంచగలదు. చచ్చినదనుకొన్న తీగ ప్రాణము తీయును. అందుచేతనే గ్రిడ్డు పోయిన క్షణమును ఇన్వర్టరు తనంతట తానే గుర్తించి ఆగవలెను. ఇందుకు అంతర్జాతీయముగా వాడుకలోనున్న గడువు రెండు సెకండ్లు. 2013లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ చేసిన నిబంధనలును ఇట్టి రక్షణను విధించినవి. ఇరుకు సందుల గోడలనడుమ తరంగము తప్పిపోవచ్చును, ఆలసింపవచ్చును. కనుక లెక్కకు, హెచ్చరికకు తరంగము. ప్రాణరక్షణకు యంత్రముననే యున్న యుక్తి.

మరియు, ఆజ్ఞ మోయు తరంగము పరుల ఆజ్ఞను సైతము మోయగలదు. యంత్రముతో వచ్చిన సంకేతపదమును మార్చక విడుచుట, వీధితలుపు తీసిపెట్టి నిదురించుటయే. మిద్దెపై ఫలకములున్నవారు ఆ పదమును మార్చుకొనుడు. విడదీయు స్విచ్చి యెచ్చటనున్నదో ఇంటిల్లిపాదియు తెలిసికొనుడు. లైనుమాను మీ వీధికి వచ్చిననాడు, అడుగకముందే దానిని ఆపి అతనికి ఆ మాట చెప్పుడు.