గాయక విగ్రహ సందర్శనం: చరిత్ర, సంప్రదాయం, ప్రాతినిధ్యం
(ఉప్పల్ - ఘట్‌కేసర్ మార్గం నేపథ్యంలో)

వ్యాససంగ్రహం:
గాయకుని స్మృతికి స్థలాన్ని, రూపాన్ని కల్పించడం తెలుగువారికి కొత్త కాదు. సమాధి మందిరం, ఆరాధనోత్సవం, శిలావిగ్రహం, కంచు విగ్రహం అనే దశలలో ఈ ఆచారం సాగింది. ఎవరి విగ్రహం, ఏ స్థలంలో, ఎవరి నిర్ణయంతో నిలవాలన్న చర్చ మాత్రం గత నాలుగు దశాబ్దాలలో హైదరాబాదు నగరంలో తీవ్రరూపం దాల్చింది. ట్యాంక్‌బండ్ మీది వాగ్గేయకారుల విగ్రహాలు, రవీంద్రభారతి ఆవరణలోని నేపథ్య గాయకుల విగ్రహాలు, నగర శివార్లలోని జనగాయకుల స్మృతిస్థలాలు - ఈ మూడింటినీ ఒకే చారిత్రక క్రమంలో పరిశీలించి, విగ్రహ సందర్శనం వెనుక ఉన్న సాంస్కృతిక ప్రాతినిధ్య సమస్యను వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: విగ్రహం, వాగ్గేయకారులు, నేపథ్య గాయకులు, జనగాయకులు, ఆరాధనోత్సవం, ప్రాంతీయ అస్తిత్వం, ఘంటసాల, గద్దర్, అందెశ్రీ.

1. ఉపోద్ఘాతం:
'విగ్రహము' అనే మాటకు రూపం, ప్రతిమ అనే అర్థాలతోపాటు వైరం, యుద్ధం అనే అర్థం కూడా ఉంది. నీతిచంద్రికలో చిన్నయసూరి మిత్రలాభ, మిత్రభేదాలను రచించగా, సంధి, విగ్రహ భాగాలను కందుకూరి వీరేశలింగం రచించిన విషయం సాహిత్య విద్యార్థులకు తెలిసినదే. అక్కడి విగ్రహం కలహమే. నగర కూడళ్లలో నిలిచే ప్రతిమల చరిత్రను పరిశీలించినప్పుడు ఈ రెండర్థాలూ ఒకేచోట కలిసినట్లు కనిపిస్తాయి. రాజకీయ నాయకుల విగ్రహాల విషయంలో ఇది సహజమే అనిపించవచ్చు. కాని అందరూ మెచ్చిన గాయకుల విగ్రహాలకు సైతం ఈ స్థితి ఎందుకు ఏర్పడుతోందన్నది ఆలోచించదగిన ప్రశ్న.

ఈ ప్రశ్నకు హైదరాబాదు తూర్పు ప్రాంతం అనుకూలమైన పరిశీలనా క్షేత్రం. ఎన్.టి. రామారావు స్థాపించిన రామకృష్ణ సినీ స్టూడియో నాచారంలో వెలసింది. మద్రాసులో ఎదిగిన తెలుగు చలనచిత్ర రంగం హైదరాబాదుకు తరలివచ్చిన క్రమంలో అదొక మజిలీ. ఉప్పల్ నుండి బోడుప్పల్, చెంగిచెర్ల పరిసరాల మీదుగా సాగే వరంగల్ రహదారి ఘట్‌కేసర్‌కు, అక్కడి నుండి భువనగిరికి చేరుతుంది. సినిమా పాటకు, ఉద్యమ పాటకు చెందిన స్మృతులు రెండూ ఈ ఒక్క మార్గంలోనే ఎదురవుతాయి.

2. సమాధి నుండి ప్రతిమకు - వాగ్గేయకార సంప్రదాయం:
తెలుగు గాయకస్మృతికి తొలి రూపం విగ్రహం కాదు, ఆరాధన. 1847లో సిద్ధి పొందిన త్యాగరాజస్వామికి తిరువయ్యారులోని కావేరీ తీరాన సమాధి మందిరం నిర్మింపజేసినది బెంగుళూరు నాగరత్నమ్మ. ముద్దుపళని 'రాధికాసాంత్వనము'ను పరిష్కరించి ప్రకటించి, నిషేధాన్ని ఎదుర్కొన్న విదుషీమణి ఆమె. తన ఆస్తిని వెచ్చించి కట్టించిన ఆ మందిరానికి 1925లో కుంభాభిషేకం జరిగింది. అయినా అక్కడి ఆరాధనోత్సవంలో పాడే అర్హత నాటికి స్త్రీలకు లేదు. మందిరం కట్టించిన గాయని ఆ మందిరం ముందు పాడడానికి పోరాడవలసి వచ్చింది. ఆమె స్త్రీల బృందాన్ని ఏర్పాటుచేసి వేరుగా ఆరాధన నడిపింది. 1940 ప్రాంతంలో వేర్వేరు వర్గాలు ఏకమైన తరువాతనే ఇప్పటి ఉమ్మడి ఆరాధన రూపుదిద్దుకొంది. 1952లో మరణించిన నాగరత్నమ్మ ప్రతిమ నేడు త్యాగరాజ సమాధికి అభిముఖంగా ఉంది.

ఈ ఉదంతం రెండు అంశాలను స్పష్టం చేస్తుంది. గాయకుని స్మృతిస్థలాన్ని దర్శించడమంటే అక్కడ పాడడమే అన్నది మొదటిది. ఆ స్థలంలో పాడే హక్కు ఎవరిదన్న ప్రశ్న ఆరంభం నుండీ ఉందన్నది రెండవది. తరువాతి కాలపు విగ్రహ వివాదాలన్నింటికీ ఈ రెండవ అంశమే మూలం.

అన్నమాచార్యుల స్మృతి మరొక మార్గంలో నిలిచింది. ఆయన సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో భద్రపరిచారు. రేకుల మీద రాగనామాలు ఉన్నాయి గాని స్వరరచన లేదు. అందువల్లనే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు ఇరవయ్యవ శతాబ్దంలో వాటికి మళ్లీ స్వరాలు కూర్చవలసి వచ్చింది. లోహం మాటను కాపాడింది, గానాన్ని కాపాడలేకపోయింది. రాజంపేట సమీపాన నెలకొల్పిన 108 అడుగుల అన్నమయ్య విగ్రహం రూపాన్ని ఇస్తుంది. ఆ రూపం కూడా ఊహాకల్పితమే. వాగ్గేయకారుల ముఖాలు ఎలా ఉండేవో చెప్పే ఛాయాచిత్రాలు లేవు కనుక తంబుర, చిడతలు, తిరునామం వంటి చిహ్నాలే వారిని గుర్తింపజేస్తాయి.

3. ట్యాంక్‌బండ్ - జాతి చరిత్రలో గాయకుని స్థానం:
1986లో ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు ప్రభుత్వం హుస్సేన్‌సాగర్ కట్టపై 33 మంది ప్రముఖుల విగ్రహాలను ప్రతిష్ఠించింది. కవులు, పాలకులు, సంస్కర్తల నడుమ అన్నమాచార్య, క్షేత్రయ్య, రామదాసు, త్యాగరాజు వంటి వాగ్గేయకారులకు కూడా చోటు లభించింది. గుడిలోనో, సమాధి వద్దనో ఉండే గాయకుడు అలా నగరమార్గంలోకి వచ్చాడు. అక్కడ ఆయన భక్తుడు కాడు, 'తెలుగుజాతి' ప్రతినిధి. సందర్శన స్వభావం కూడా మారింది. సాయంత్రపు వ్యాహ్యాళికి వచ్చినవారు శిలాఫలకం చదివి ముందుకు సాగుతారు. పాట అక్కడ తప్పనిసరి కాదు.

జాతి ప్రతినిధిగా నిలిపినప్పుడు, ఆ జాతి నిర్వచనం మీద వచ్చే అభ్యంతరం కూడా ప్రతిమకే తగులుతుంది. ఆ 33 మందిలో తెలంగాణకు చెందినవారు తక్కువన్న విమర్శ ఉద్యమకాలంలో బలపడింది. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ సందర్భంగా పలు విగ్రహాలు ధ్వంసమయ్యాయి. కొన్ని సాగర జలాలలో పడ్డాయి. దెబ్బతిన్నవాటిలో వాగ్గేయకారుల ప్రతిమలూ ఉన్నాయి. తరువాత వాటిని పునఃప్రతిష్ఠించారు. ఆ ఘటనను కళాద్వేషంగా మాత్రమే చూసినవారు ఉన్నారు, ఆత్మగౌరవ ప్రకటనగా మాత్రమే చూసినవారూ ఉన్నారు. పదకర్త పదంపై అక్కడ ఎవరికీ వైరం లేదు. ఆ పదకర్తను ఏ చరిత్రకు సాక్షిగా నిలబెట్టారన్నదే వివాదాంశం. ఈ భేదాన్ని గుర్తించకపోతే ఆ ఘటన చారిత్రకార్థం అసంపూర్ణంగానే మిగులుతుంది.

4. రవీంద్రభారతి - తెర వెనుక గొంతు, తెర ముందు రూపం:
రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సందర్భంగా 1961లో ప్రారంభమైన రవీంద్రభారతి నగరంలో ప్రధాన కళావేదిక. దాని ఆవరణలోని ఘంటసాల విగ్రహం సినీగాన ప్రియులకు చిరపరిచితం.

1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా చౌటపల్లిలో జన్మించిన ఘంటసాల వెంకటేశ్వరరావు బాల్యంలోనే తండ్రిని కోల్పోయారు. సంగీతాభ్యాసం కోసం విజయనగరం చేరి, మధూకరం ఎత్తుకొని, పట్రాయని సీతారామశాస్త్రి వద్ద విద్య నేర్చారు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని అలీపురం జైలులో శిక్ష అనుభవించారు. మద్రాసు చేరిన తరువాత 'స్వర్గసీమ' (1945)తో నేపథ్య గాయకుడిగా వెలుగులోకి వచ్చి, 1974 ఫిబ్రవరి 11న మరణించేవరకు తెలుగు సినిమా గానానికి పర్యాయపదంగా నిలిచారు. 1970లో పద్మశ్రీ లభించింది. 2003లో భారత తపాలా శాఖ ఆయన పేర తపాలా బిళ్ల వెలువరించింది.

నేపథ్య గాయకుని విగ్రహంలో ఒక ప్రత్యేకత ఉంది. తెరమీద ప్రేక్షకుడు చూసిన ముఖం రామారావుదో, నాగేశ్వరరావుదో అయి ఉంటుంది. విన్న గొంతు మాత్రం మరొకరిది. విగ్రహం ఈ సంబంధాన్ని సరిదిద్దుతుంది. నేపథ్యంలో ఉన్న మనిషికి సొంత ముఖాన్ని ఇచ్చి నలుగురి ఎదుట నిలుపుతుంది. వాగ్గేయకారునికి పదం మిగిలి గానం పోయింది. సినీ గాయకునికి గానం రికార్డుల రూపంలో పూర్తిగా మిగిలింది. కనుక ఇక్కడ విగ్రహం స్మృతిని కాపాడే సాధనం కాదు. కాపాడబడిన స్మృతికి సమాజం చెల్లించే గౌరవం. ఘంటసాల పాడిన భగవద్గీత నేటికీ తెలుగు పల్లెలలో అంతిమయాత్ర వాహనాల మీద వినిపిస్తుంది. రవీంద్రభారతికి ఎన్నడూ రానివారు కూడా ఆ గొంతును తమ ఇంటి దుఃఖంలో విన్నారు. ఏ శిల్పమూ అందుకోలేని వ్యాప్తి అది.

ఇదే ఆవరణలో 2025 డిసెంబరులో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం విగ్రహావిష్కరణ జరిగింది. 1946లో నెల్లూరు జిల్లాలో పుట్టి, 1966లో సినీరంగ ప్రవేశం చేసి, 2020 సెప్టెంబరు 25న మరణించిన ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించారు. 'పాడుతా తీయగా' కార్యక్రమం ద్వారా తరువాతి తరం గాయకులకు ఆయన గురుస్థానీయులు. విగ్రహ ప్రతిష్ఠాపనకు ముందు కొందరు తెలంగాణవాదులు అభ్యంతరం తెలిపారు. తెలంగాణ కవిగాయకులకు ఆ ఆవరణలో చోటు ఇవ్వాలన్నది వారి వాదన. గానానికి ప్రాంతభేదం లేదన్నది సమర్థకుల సమాధానం. రెండు వాదాలకూ ఆధారం ఉంది. గానాన్ని ఆస్వాదించడంలో ప్రాంతభేదం లేదు. కాని ప్రజల సొమ్ముతో నడిచే సంస్థ ఆవరణలోని స్థలం పరిమితం. పరిమితమైన స్థలాన్ని ఎవరికి కేటాయించాలన్నది సంగీతశాస్త్ర ప్రశ్న కాదు, ప్రాతినిధ్య ప్రశ్న. రహదారులపై, కాలిబాటలపై కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వరాదని 2013 జనవరిలో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించిన తరువాత ఇటువంటి ఆవరణలకు విలువ మరింత పెరిగింది.

5. జనగాయకులు - నగర శివార్ల స్మృతిస్థలాలు:
గుమ్మడి విఠల్‌రావు గద్దర్‌గా ప్రసిద్ధుడు. గదర్ పార్టీ పేరునే తన పేరుగా స్వీకరించిన ఆయన జననాట్యమండలి ద్వారా పాటను ప్రదర్శనగా మలిచారు. 1997 ఏప్రిల్ 6న ఆయనపై కాల్పులు జరిగాయి. వెన్నులో నిలిచిన తూటాతోనే ఆయన జీవితాంతం గడిపారు. 2023 ఆగస్టు 6న మరణించినప్పుడు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ఆయన స్థాపించిన అల్వాల్‌లోని మహాబోధి విద్యాలయ ఆవరణలో ఖననం చేశారు. 2024 జనవరిలో తెల్లాపూర్‌లో ఆయన విగ్రహ స్థాపనకు ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. నంది పురస్కారాల స్థానంలో ఆయన పేరిట చలనచిత్ర పురస్కారాలను ప్రకటించి, 2025 జూన్‌లో తొలిసారి ప్రదానం చేసింది. రాజ్యాన్ని ధిక్కరించిన గొంతును రాజ్యమే స్మృతిచిహ్నంగా స్వీకరించడం ఇందులోని వైరుధ్యం. గొంగడి, కర్ర, కాలిగజ్జెలతో ఎగిరి ఆడిన దేహాన్ని నిశ్చలప్రతిమగా నిలిపినప్పుడు కోల్పోయేది కదలిక మాత్రమే కాదు. ఆ కదలికకు కారణమైన ధిక్కారం కూడా పలుచబడే అవకాశం ఉంది.

తూర్పు దిక్కున ఘట్‌కేసర్ అందెశ్రీ స్మృతికి నెలవైంది. బడి చదువు లేకుండా పశువులు కాచి, తాపీపని చేసి కవిగా ఎదిగిన ఆయన రచించిన 'జయ జయహే తెలంగాణ' 2024లో రాష్ట్రగీతమైంది. దానికి ఎం.ఎం. కీరవాణి సంగీతం సమకూర్చడంపై కూడా ప్రాంతీయ దృష్టితో అభ్యంతరాలు వచ్చాయి. రచయిత మాత్రం ఆ స్వరకల్పనకు అండగా నిలిచారు. 2025 నవంబరు 10న అందెశ్రీ మరణించగా మరునాడు ఘట్‌కేసర్‌లో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. నెల తిరిగేసరికి రవీంద్రభారతి విగ్రహ వివాదం తలెత్తింది. ఆ వివాదంలోని ఆవేదనను ఈ కాలక్రమంలో ఉంచి చూడడం అవసరం.

అదే రహదారిపై మరికొంత దూరాన ఉన్న భువనగిరి, 1999 మే నెలలో దారుణ హత్యకు గురైన గాయని బెల్లి లలితను గుర్తుచేస్తుంది. నూలుమిల్లు కార్మికురాలిగా పనిచేస్తూ తెలంగాణ పాటను సభాసభకూ మోసిన ఆమె స్మృతిని నిలిపినది ప్రధానంగా తోటి గాయకుల పాటలే. ట్యాంక్‌బండ్ ప్రతిమలలో స్త్రీలు రుద్రమదేవి, మొల్ల వంటి ఒకరిద్దరే. వారిలో గాయని ఒక్కరూ లేరు. ప్రాంతీయ ప్రాతినిధ్యం గురించి జరిగినంత చర్చ ఈ లోటు గురించి జరగలేదు. నాగరత్నమ్మ తిరువయ్యారులో లేవనెత్తిన ప్రశ్న హైదరాబాదులో ఇంకా సమాధానం కోసం ఎదురుచూస్తోంది.

6. సందర్శన రీతులు - పోలిక:
పై పరిశీలనలో మూడు సందర్శన రీతులు కనిపిస్తాయి. మొదటిది ఆరాధన. ఇందులో సందర్శకుడే గాయకుడవుతాడు. రెండవది వీక్షణం. ట్యాంక్‌బండ్ మీద సందర్శకుడు చరిత్రను చూసే పౌరుడు. మూడవది జయంతి, వర్ధంతి సభ. ఇందులో పూలమాల, ప్రసంగం, పాట మూడూ ఉంటాయి. అయితే ప్రసంగం పెరిగేకొద్దీ పాటకు మిగిలే సమయం తగ్గుతుంది. జనగాయకుల సభలలో మాత్రం పాటే నివాళి. ఆ విధంగా నేటి ఉద్యమ గాయకుల సంస్మరణ, సిద్ధాంతరీత్యా ఎంత భిన్నమైనదైనా, ఆచరణలో త్యాగరాజ ఆరాధనకు దగ్గరగా ఉంది. రెండుచోట్లా స్మృతి సమష్టి గానంలో నిలుస్తుంది.

7. ఉపసంహారం:
- రాగిరేకు పదాన్ని, ధ్వనిముద్రణ గొంతును, విగ్రహం రూపాన్ని కాపాడుతాయి. మూడూ కలిసినా గానసందర్భం పూర్తిగా నిలవదు. దానిని మళ్లీ పాడేవారే నిలపాలి.
- గాయక విగ్రహాలపై వచ్చిన వివాదాలు ప్రధానంగా గానం గురించినవి కావు. బహిరంగ స్థలం ఎవరి చరిత్రను చెప్పాలన్నదే వాటి సారాంశం.
- ఒకరి విగ్రహాన్ని తొలగించడం మరొకరికి న్యాయం చేయదు. అట్లాగే 'కళకు ఎల్లలు లేవు' అన్న ఒక్క మాట ప్రాతినిధ్య లోపానికి సమాధానం కాజాలదు.
- ఉప్పల్ - ఘట్‌కేసర్ - భువనగిరి మార్గంలోని గాయకస్మృతులను, ముఖ్యంగా గాయనుల పాటలను, క్షేత్రపర్యటన ద్వారా సేకరించి ధ్వనిముద్రణ చేయడం తెలుగు శాఖల పరిశోధకులు చేపట్టదగిన పని. వారితో కలిసి పాడినవారు ఇంకా మన మధ్య ఉన్నారు. వారు ఉన్నప్పుడే ఆ పని జరగాలి.