రికార్డుకెక్కని రాగం

కర్నూలు, కడప పల్లెల్లో అరవై దాటిన వాళ్లను ఎవరినైనా నాటకం గురించి కదిలించి చూడండి. ఏ తిరునాళ్లలో ఏ కృష్ణుడు ఏ పద్యానికి ఎంతసేపు రాగం తీశాడో, జనం ఎన్నిసార్లు వన్స్‌మోర్ కొట్టారో, హార్మోనిస్టు ఎక్కడ అందుకున్నాడో పూసగుచ్చినట్టు చెబుతారు. సీమ నాటక సంగీతాన్ని పుస్తకాల కంటే ఈ శ్రోతలే భద్రంగా దాచారు. ఈ మాట నేను గట్టిగానే నమ్ముతాను.

ఇక్కడి నాటకానికి మూలాలూ ఈ మట్టిలోనివే. తరతరాలుగా తోలుబొమ్మలాడించిన వనారస వారి కుటుంబం 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఊరి పెద్దల కోరిక మీద బొమ్మలు పక్కనపెట్టి, తామే వేషం కట్టి ‘కీచక వధ’ ఆడింది. వనారస గోవిందరావు నడిపించిన ఆ సమాజానికి ఊరి పేరే స్థిరపడింది. మగవాళ్లే ఆడవేషాలు కట్టే రోజుల్లో సురభి ఇంటి ఆడపడుచులు సీతలు, ద్రౌపదులు అయ్యారు. నిండు చూలాలైన తల్లి నాటకమాడుతుండగా రంగస్థలం మీదే పుట్టిందని చెప్పుకునే సురభి కమలాబాయి, 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి. ఆ సినిమాకు ఆధారమైన నాటకం రాసింది బళ్లారి వకీలు ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912). అంటే తెలుగు సినిమా తొలి మాట వెనక సీమ కవి, సీమ సమాజం ఇద్దరూ ఉన్నారు. ఈ సంగతి మన బడి పిల్లలకు తెలియాలి.

తీగల మీద బాణాలు ఎదురెదురుగా వచ్చి ఢీకొనడం, నారదుడు గాలిలో తేలిరావడం, క్షణంలో తెర మారి అడవి కాస్తా అంతఃపురం కావడం సురభి వారికి వెన్నతో పెట్టిన విద్య. పిల్లలు వాటికోసం ఎగబడేవాళ్లు. పెద్దవాళ్లు మాత్రం పద్యం కోసం వచ్చేవాళ్లు.

నాటక పద్యం కచేరీ పాట కాదు. దానికి తాళం లేదు. ఉత్పలమాలో, మత్తేభమో, సీసమో ఏదైనా సరే, కవి రాసింది కొన్ని పాదాలే. ఏ రాగంలో ఎత్తుకోవాలో, ఏ మాట దగ్గర ఆగాలో, ఎక్కడ విరవాలో నటుడి ఇష్టం. ఆఖరి పాదం ముగిశాక అసలు విందు మొదలవుతుంది. మోహనలోనో, కాంభోజిలోనో గొంతు పైకి పోతూనే ఉంటుంది. ఊపిరి తీసుకునే సందులో హార్మోనియం అందుకుని, మళ్లీ గొంతుకు అప్పజెబుతుంది. ఒక్క పద్యాన్ని పదిమంది నటులు పది బాణీల్లో పాడతారు. పీసపాటి నరసింహమూర్తి గొప్పా, షణ్ముఖి ఆంజనేయరాజు గొప్పా అని తెలుగునాట రచ్చబండల మీద వాదులాడుకున్నది అందుకే.

బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్య హరిశ్చంద్ర’లో కాటిసీను సంగతి మరీ ప్రత్యేకం. నటులు అందులో గుర్రం జాషువా శ్మశాన పద్యాలను చేర్చుకున్నారు. డి.వి. సుబ్బారావు గొంతులో ఆ పద్యాలు ఊరూరా మోగాయి. అంటరానితనాన్ని అనుభవించిన కవి రాసిన మాటలకు, అదే అంటరానితనం పాటించిన ఊళ్లు నడిరాత్రి కళ్లనీళ్లు పెట్టుకున్నాయి. పద్యం చేయగలిగిన గొప్ప పని అది.

పేరున్న సమాజాలను పిలిపించుకోలేని ఊళ్లు తామే ఆడుకునేవి. శనక్కాయలు ఇంటికి చేరాక హార్మోనియం మాస్టరును తెచ్చుకుని, తిండీ బసా చూసి, నెలల తరబడి పద్యాలు నేర్చుకునేవాళ్లు. పగలు మడక దున్నినవాడే రాత్రికి ముఖాన అర్దళం పూసుకుని అర్జునుడయ్యేవాడు. పద్యం మధ్యలో ఎవరో స్టేజీ ఎక్కి అతని భుజకీర్తి పక్కన పిన్నుతో నోటు గుచ్చేవారు. చదివించినవారి పేరు, ఊరి పేరు మైకులో చదివేవరకు హార్మోనియం శ్రుతి పట్టుకుని ఉండేది. ఆ తర్వాత అర్జునుడు విడిచిన మాట దగ్గరే ఎత్తుకునేవాడు. అలా నిలబడి మళ్లీ శ్రుతిలో కలవడం ఎంత కష్టమో పాడేవాళ్లను అడగాలి.

గ్రామఫోన్ ఈ సంగీతాన్ని ఇంటింటికీ చేర్చింది. కపిలవాయి రామనాథశాస్త్రి పద్యాలు ఎక్కడెక్కడో మోగాయి. కానీ ఆనాటి 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపున పట్టేది సుమారు మూడు నిమిషాలే. స్టేజీ మీద వన్స్‌మోర్ల మధ్య సాగిన రాగం అందులో ఎలా ఇముడుతుంది? పద్యం మిగిలింది, రాగం కత్తిరింపుకు గురైంది. తర్వాత వచ్చిన క్యాసెట్లు కొంత నయం. అయినా పేరున్నవారి గొంతులే వాటికెక్కాయి. బనగానపల్లె, జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెల్లో వీరబ్రహ్మంగారి నాటకంలో సిద్ధయ్య వేషం కట్టిన రైతు గొంతును ఎవరు రికార్డు చేశారు? అది ఆ రాత్రి చాప మీద కూర్చుని విన్నవాళ్ల చెవుల్లోనే ఉంది.

సురభి సంప్రదాయాన్ని నిలిపిన రేకందార్ నాగేశ్వరరావు, అందరి సురభి బాబ్జీ, 2013లో పద్మశ్రీ అందుకుని 2022లో కన్నుమూశారు. నటుల సంగతి అలా ఉంటే, విన్నవాళ్లూ ఏటేటా తగ్గిపోతున్నారు. మీ ఇంట్లో నాటకం పిచ్చి ఉన్న తాతో, జేజో ఉంటే ఈ ఆదివారమే పక్కన కూర్చుని పాడించండి. గొంతు వణికినా ఫరవాలేదు, ఫోనులో రికార్డు చేయండి. ఏ ఊరి తిరునాళ్లు, వేషం ఎవరిది, హార్మోనియం ఎవరు అన్నవీ వాళ్ల నోటనే చెప్పించండి. కడపలో సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం తాళపత్రాలను కాపాడుతోంది. ఈ గొంతులకూ అక్కడ చోటు కల్పించాలి. యోగి వేమన విశ్వవిద్యాలయం ఆ పనికి ఈ ఏడాదే పూనుకోవాలి.