క్షిపణి పరిశోధనలో దేశాల పొత్తు: హైదరాబాద్ ఏం నేర్చుకుంది?

రెండు దేశాలు కలిసి ఒక ఆయుధం తయారుచేస్తే దాన్ని రక్షణ పరిశోధనలో అంతర్జాతీయ సహకారం అంటారు. డబ్బు పంచుకోవడం తేలికే. పని పంచుకోవడం కూడా ఎలాగో కుదురుతుంది. పేచీ అంతా విద్య పంచుకునే దగ్గరే వస్తుంది. మన హైదరాబాద్ చరిత్ర చూస్తే ఈ సంగతి బాగా తెలుస్తుంది.

భారత్ డైనమిక్స్ (బీడీఎల్) 1970లో హైదరాబాద్‌లో పెట్టారు. మొదట్లో అక్కడ చేసింది ఫ్రాన్స్ ఎస్ఎస్-11 అనే ట్యాంకు విధ్వంసక క్షిపణి. తర్వాత మిలాన్, ఆ తర్వాత రష్యా వాళ్ల కొంకుర్స్ వచ్చాయి. ఇవన్నీ లైసెన్సు మీద చేసినవే. డ్రాయింగులు వాళ్లవి, చేతులు మనవి. ఇది పరిశోధన కాదు గానీ, పని నేర్పింది.

అదే కాలంలో కంచన్‌బాగ్‌లోని డీఆర్‌డీఎల్ శాస్త్రవేత్తలు మరో దారి పట్టారు. సోవియట్ ఎస్ఏ-2 క్షిపణిని విప్పి, చూసి, అలాంటిదే చేయబోయారు. 'ప్రాజెక్ట్ డెవిల్' అని దానికి పేరు. క్షిపణి రాలేదు, ప్రాజెక్టు మూసేశారు. కానీ ఆ అనుభవం ఊరికే పోలేదు, 1988లో తొలిసారి ఎగిరిన పృథ్వికి అక్కరకొచ్చింది. రీసెర్చ్ సెంటర్ ఇమారత్ (ఆర్‌సీఐ) మొదలైంది కూడా 1988లోనే. ఉర్దూలో ఇమారత్ అంటే కట్టడం. ల్యాబ్‌కు ఆ పేరు అది వెలసిన ఇమారత్ కంచ నుంచి వచ్చింది.

అసలైన పొత్తు బ్రహ్మోస్. 1998 ఫిబ్రవరి 12న మాస్కోలో అబ్దుల్ కలాం, రష్యా రక్షణ శాఖ ఉపమంత్రి మిఖైలోవ్ సంతకాలు చేశారు. వాటా మనది 50.5 శాతం, వాళ్లది 49.5. పేరు కూడా సగం సగమే, బ్రహ్మపుత్ర నుంచి కొంత, మాస్క్‌వా నది నుంచి కొంత. తొలి పరీక్ష 2001 జూన్ 12న చాందీపూర్‌లో జరిగింది.

వాటా మనదే ఎక్కువ, మరి విద్య? చాలా ఏళ్లు సీకర్ రష్యా నుంచే వచ్చేది. సీకర్ అంటే క్షిపణికి కళ్లు లాంటిది, చివరి దశలో లక్ష్యాన్ని వెతికి పట్టేది అదే. మనవాళ్లు చేసిన సీకర్‌తో బ్రహ్మోస్‌ను 2018 మార్చిలో పోఖ్రాన్‌లో పరీక్షించారు. అంటే ఒప్పందం రాసుకున్న ఇరవై ఏళ్లకు. స్వదేశీ బూస్టర్‌తో పరీక్ష 2020లో జరిగింది. పొత్తు కుదిరిన రోజే విద్య చేతికొస్తుందని అనుకునేవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి.

బ్రహ్మోస్ దూరం మొదట 290 కిలోమీటర్లు మాత్రమే ఎందుకు? క్షిపణి సాంకేతికత నియంత్రణ కూటమి (ఎంటీసీఆర్) నిబంధన వల్ల. 500 కిలోల బరువును 300 కిలోమీటర్లు మోయగల క్షిపణి విద్యను బయటివాళ్లకు ఇవ్వకూడదని సభ్య దేశాల కట్టుబాటు. రష్యా సభ్య దేశం, మనం కాదు. 2016 జూన్‌లో మనమూ చేరాక ఆ అడ్డు తొలగింది, 2017 మార్చిలోనే దూరం పెంచిన బ్రహ్మోస్‌ను పరీక్షించారు.

తలుపులు మూసుకున్న రోజులూ ఉన్నాయి. 1998 మే అణు పరీక్షల తర్వాత అమెరికా ఆంక్షల జాబితాలో డీఆర్‌డీఎల్, బీడీఎల్ కూడా చేరాయి. బయటపడింది 2011 జనవరిలో.

ఇజ్రాయెల్‌తో కలిసి చేసిన ఎంఆర్‌శామ్ సంగతి వేరు. 70 కిలోమీటర్ల దూరంలోని విమానాన్ని కూల్చే ఈ క్షిపణికి రెండు విడతలుగా మండే రాకెట్ మోటారును మన డీఆర్‌డీవో చేసింది, ఉత్పత్తి బీడీఎల్‌ది. ఇక్కడ మొదటి నుంచే ఒక ముఖ్య భాగం మన చేతిలో ఉంది. నా ఉద్దేశంలో వాటా శాతం కన్నా చూడాల్సింది ఇదే.

కాటారం, మహాదేవపూర్ వైపు ఐటీఐ, డిప్లొమా చదివే పిల్లలకు ఇదంతా దూరపు ముచ్చట అనిపించవచ్చు. కానీ ఆర్‌సీఐ అప్రెంటిస్ ప్రకటనల్లో ఐటీఐ, డిప్లొమా వాళ్లకూ సీట్లు ఉంటాయి. ఫిట్టర్, టర్నర్, ఎలక్ట్రానిక్స్ లాంటి ట్రేడ్‌లు చేసినవాళ్లు డీఆర్‌డీవో వెబ్‌సైట్ అప్పుడప్పుడూ చూస్తుండాలి. సర్టిఫికెట్లు ముందే సిద్ధం చేసుకోండి, గడువు తక్కువగా ఇస్తుంటారు.