సీతాఫలం, షరీఫా: పాలమూరు ఫలం పూర్వచరిత్ర

దసరా సమీపించేసరికి పాలమూరు సీమ గుట్టలపై సీతాఫలం పక్వానికి వస్తుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు బజార్లలో గంపలు దిగుతాయి. హైదరాబాదు నుండి కర్నూలు పోయే బాటలోని బాలానగర్ పేరనే ఒక రకం ప్రసిద్ధమైంది. పెద్ద కన్ను, తెల్లని గుజ్జు, మంచి తీపి దాని లక్షణాలు. నేడది మహారాష్ట్ర, కర్ణాటక తోటలలోనూ సాగవుతున్నది.

సీతమ్మ పేరు పెట్టుకున్న ఫలం రామాయణ కాలం నాటిదేనని జనం నమ్మిక. ఉర్దూలో దీనినే షరీఫా అంటారు. షరీఫ్ అరబ్బీ పదం, గౌరవనీయమని అర్థం. అంతమాత్రాన ఇది అరబ్బు దేశాల నుండి వచ్చిందనగలమా? పేరును బట్టి పుట్టుక నిర్ణయించబోతే రెండు వైపులా పొరపాటే. దీని జన్మస్థానం అమెరికా ఖండపు ఉష్ణమండలమని వృక్షశాస్త్రజ్ఞుల నిర్ణయం.

ఈ విషయమై వాదం లేకపోలేదు. భర్హుత్, మథుర శిల్పాలలో సీతాఫలం ఉన్నదని అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ భావించాడు. ఆ చెక్కడం పనసకాయ కావచ్చునని, పూవే కావచ్చునని ఇతరులు సందేహించారు. 1530లో మరణించిన బాబరు తన ఆత్మకథలో హిందూస్థాన్ ఫలాలను ఓపికగా వర్ణించాడు. మామిడి, పనస, చింత, ఇప్ప, నారింజ జాతులు, అన్నీ ఉన్నాయి. సీతాఫలం లేదు. అయితే ఆయన చూసినది ఉత్తరాది మాత్రమే. మౌనం ఒక్కటే సాక్ష్యానికి చాలదు.

1510లో పోర్చుగీసువారు బీజాపూరు ఆదిల్‌షాహీల నుండి గోవాను వశపరచుకున్నారు. అనాస, జీడిమామిడి వారి ఓడలలోనే వచ్చాయి. సీతాఫలమూ ఆ దారినే దక్కనుకు చేరి ఉండవచ్చునని పలువురి అభిప్రాయం.

కోసిన కాయ నాలుగు దినాలకే మెత్తబడుతుంది. ఓడలో నెలల తరబడి నిలిచేది పండు కాదు, గింజ. నల్లని ఆ గట్టి గింజ చాలాకాలం మొలకెత్తే శక్తిని నిలుపుకుంటుంది. తిన్నవాడు ఉమ్మిన చోటనే చెట్టవుతుంది. ఆకు చేదు గనుక మేకలు ముట్టవు. ఎండకాలం ఆకు రాల్చి, తొలకరికి చిగిర్చి పూస్తుంది. నీరు నిలవని పాలమూరు రాతిగుట్టలపై, ఎవరూ నాటకుండానే, ఇది అడవిచెట్టై నిలవడానికి కారణమిదే.