నెట్ ఎక్కడ తెగింది?

"నెట్ పోయింది" అంటాం, "కరెంటు పోయింది" అన్నట్టే. మన తెలుగులో ఈ "పోవడం" అన్నిటికీ సరిపోతుంది. పరువు పోతుంది, ప్రాణం పోతుంది, కరెంటు పోతుంది. అయితే కరెంటు పోతే వీధి మొత్తానికీ పోతుంది. గడప దాటి తల బయట పెడితే సంగతి తెలిసిపోతుంది. నెట్ అలా కాదు. పక్కింట్లో సినిమా నడుస్తూనే ఉంటుంది, మన చేతిలో ఫోను మోగుతూనే ఉంటుంది, లాప్‌టాప్‌లో మాత్రం మూలన ఒక భూగోళం బొమ్మ వచ్చి కూర్చుంటుంది. ఎక్కడ పోయిందో మనమే వెతుక్కోవాలి.

మా ఇంట్లో ఆ వెతికే పని నాది. మా వారు పొద్దున్నే వెళ్తే రాత్రికే రావడం. మా అమ్మాయి బెంగళూరు కంపెనీలో ఉద్యోగం చేస్తుంది. 2020లో లాక్‌డౌన్ అప్పుడు పెట్టె సర్దుకుని కుప్పం వచ్చింది. ఇప్పుడు వారానికొక రోజు రైలెక్కి ఆఫీసుకు పోయి వస్తుంది, మిగతా రోజులు మేడ మీద గదిలోనే పని. మీటింగు మధ్యలో నెట్ పోతే పాపం దానికి కాళ్ళూ చేతులూ ఆడవు. "ఇంట్లో నెట్ బాగా లేకపోతే రోజూ ఆఫీసుకే వచ్చెయ్" అని వాళ్ళ మేనేజరు ఇప్పటికి రెండుసార్లు అన్నాడట. అంటే మళ్ళీ హాస్టలు, మళ్ళీ ఆ నీళ్ళ సాంబారు, నెలకోసారి ముఖం చూసుకోవడం. కాబట్టి వైఫై అంటే నాకు సరదా వస్తువు కాదు, కూతురు ఇంట్లో ఉండడం. బీఏ తెలుగు చదివిన దానికి రూటరుతో పనేమిటి అని నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు.

వెతకడం లోపలి నుంచి బయటికి సాగాలి. మొదటి ప్రశ్న ఒక్కటే: ఫోనులో వైఫై వస్తోందా? ముందు మొబైల్ డేటా ఆపేసి చూడండి, లేకపోతే ఫోను మనల్ని మోసం చేస్తుంది. ఫోనుకు వచ్చి లాప్‌టాప్‌కు రాకపోతే రోగం లాప్‌టాప్‌లోనే ఉంది. రెండిటికీ రాకపోతే లాప్‌టాప్‌ని ఊరికే సతాయించకండి, దాని తప్పేమీ లేదు. సగం పని ఈ ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది.

లాప్‌టాప్‌లోనే అయితే మొదట చూడాల్సింది విమానం బొమ్మ. ఎవరి చెయ్యో తగిలి ఏరోప్లేన్ మోడ్ పడి ఉంటుంది. పాత లాప్‌టాప్‌లకు పక్కన జరిపే చిన్న మీట ఉండేది, అది జరిగిపోయినా ఇదే కథ. అసలు లాప్‌టాప్ లోపలే వైర్‌లెస్ ఉండడం మామూలైంది 2003 మార్చిలో ఇంటెల్ వాళ్ళు సెంట్రినో తెచ్చిన తర్వాతే. అంతకు ముందు చీటీపేక ముక్కంత కార్డు ఒకటి విడిగా కొని పక్కన దోపుకునేవాళ్ళు. ఒక్కోసారి ఏదో అప్‌డేట్ అయ్యాక లోపలి ఆ కార్డే కనిపించకుండా పోతుంది. అప్పుడు డివైస్ మేనేజర్‌లో దాన్ని తీసేసి లాప్‌టాప్ ఆపి మళ్ళీ పెడితే చాలాసార్లు తిరిగి వస్తుంది.

ఇంకొకటి ఉంది, ఇది తెలిశాక నాకు భలే తృప్తిగా అనిపించింది. కొత్త లాప్‌టాప్ ఇంట్లోకి వచ్చిన చుట్టం లాంటిది. నువ్వెక్కడ కూర్చోవాలో చెప్పే నంబరు చీటీ దానికి రూటరు ఇవ్వాలి. మన ఇళ్ళల్లో ఆ నంబరు మామూలుగా 192.168తో మొదలవుతుంది. చీటీ అందకపోతే లాప్‌టాప్ ఊరుకోదు, 169.254తో మొదలయ్యే నంబరు తనకు తానే వేసుకుని కూర్చుంటుంది. సెట్టింగుల్లో ఆ నంబరు కనబడిందంటే, లాప్‌టాప్‌కూ రూటరుకూ మధ్య మాట కలవలేదని అర్థం. వైఫై పేరును ఒకసారి మర్చిపొమ్మని చెప్పి, పాస్‌వర్డు మళ్ళీ కొట్టి కలపాలి. అప్పటికీ వినకపోతే రూటరు ప్లగ్గు తీసి, అర నిమిషం ఆగి పెట్టాలి.

గాలిలో మాటలు పంపుకోవాలన్న ఆలోచన పుట్టింది ద్వీపాల్లో. హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ అనే ఆచార్యుడు, ఆయన సహచరులు సముద్రం మీద తీగలు వేసే పని లేకుండా రేడియోతో కంప్యూటర్లను కలిపారు. 1971లో నడవడం మొదలైన ఆ ఏర్పాటు పేరు అలోహానెట్. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండు మాటలూ చెడిపోతాయి కదా. అలా చెడినప్పుడు ఇద్దరూ తలా కొంతసేపు ఆగి, మళ్ళీ చెప్పాలి. ఎవరెంతసేపు ఆగాలన్నది లెక్కలేకుండా, చీటీ తీసినట్టు. కుళాయి దగ్గర ఇద్దరాడవాళ్ళు ఒకేసారి నోరు తెరిచి, ఇద్దరూ ఆగి, ఎవరో ఒకరు ముందు అందుకుంటారు చూడండి, అదే పద్ధతి. మన ఇంటి వైఫై దీనికి కొంచెం మర్యాద నేర్చిన చెల్లెలు: ముందు ఎవరైనా మాట్లాడుతున్నారేమో విని, తర్వాత నోరు విప్పుతుంది. అపార్ట్‌మెంట్లలో నెట్ ఈడ్చడానికి ఒక కారణం ఇదే. వినాల్సిన గొంతులు ఎక్కువ.

వంటింటి సంగతి కూడా చెప్పాలి. మైక్రోవేవ్ పొయ్యి పనిచేసేది దాదాపు 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర. మన వైఫైలో ఎక్కువ దూరం వెళ్ళే రకం ఉండేది కూడా 2.4 దగ్గరే. అమెరికాలో 1985లో, పొయ్యిలూ అవీ వాడుకునే ఆ పట్టీలనే లైసెన్సు లేకుండా మాటలకు కూడా వాడుకోనిచ్చారు. వైఫై అక్కడ పెరిగిన మొక్క. కాబట్టి మీటింగు వేళ మేడ మీద మాట తడబడితే, కింద అన్నం వేడవుతోందేమో చూడండి. 5 గిగాహెర్ట్జ్‌కు ఈ బాధ లేదు గాని, దానికి గోడలంటే పడదు. మా ఇంట్లో సగం పాతకాలం రాతి గోడలు. ఇక్కడి రాయి సమాధులకూ వంటింటి గట్లకూ దేశాలు దాటి పోతుందేమో కాని, 5 గిగాహెర్ట్జ్‌ను మాత్రం గది దాటనివ్వదు.

మన దేశంలో గాలికి కూడా లైసెన్సు ఉండేది. 1885 టెలిగ్రాఫ్ చట్టం, 1933 వైర్‌లెస్ చట్టం, రెండూ తెల్లదొరల నాటివి. మదనపల్లెలో మా నాన్న రేడియోకు పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టేవాడు. నేను చిన్నపిల్లగా ఉండగానే ఆ పద్ధతి ఎత్తేశారు. వైఫై అన్న పేరు 1999లో పుట్టింది. కానీ మన దగ్గర 2.4 పట్టీని గోడల బయట కూడా లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని కేంద్రం చెప్పింది 2005 జనవరిలో. మేడ మీద చిన్న ఏరియల్ పెట్టి అవతలి వీధికి నెట్ పంపడం అంతవరకు చట్టం ముందు చిన్న విషయం కాదు.

ఆ కాలంలోనే మా కుప్పం ప్రపంచం నోట్లో పడింది. నేను కోడలిగా వచ్చింది 2001లో. మరుసటి ఏడు ఇక్కడ హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఐ-కమ్యూనిటీ అనే పథకం మొదలుపెట్టింది. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడి నియోజకవర్గం ఇది, ఆయన 1989 నుంచీ ఇక్కడి ఎమ్మెల్యే. చుట్టుపక్కల మూడు లక్షల మంది జనం, మూడేళ్ళ ఒప్పందం. ఊళ్ళల్లో సమాచార కేంద్రాలు పెట్టారు. కంప్యూటర్లు నింపిన వ్యాను ఒకటి తిరిగేది. అన్నిటికంటే నాకు నచ్చింది ఫోటోల పథకం. పొదుపు సంఘాల ఆడవాళ్ళకు డిజిటల్ కెమెరా, ఎండతో నడిచే చిన్న ప్రింటరు ఇచ్చారు. పొలం గట్టు మీద నిలబెట్టి ఫోటో తీసి, అక్కడికక్కడే కాగితం చేతిలో పెట్టేవాళ్ళు. స్టూడియోకు పోవాలంటే బస్సు ఛార్జీ పెట్టుకోవాల్సిన ఊళ్ళల్లో అది మామూలు మాట కాదు. మా అత్తమ్మ దగ్గర అలాంటి ఫోటో ఒకటి ఉంది, నలుగురు తోటికోడళ్ళు వేపచెట్టు కింద. రంగు వెలిసింది గాని ముఖాలు తెలుస్తున్నాయి.

2003 ఆగస్టులో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో డెబ్రా డన్, కీత్ యమషిటా ఈ పథకం మీద పెద్ద వ్యాసం రాశారు. కుప్పం పేరు అంత దూరం వెళ్ళింది. కంపెనీ వాళ్ళు మా ఊరిని "బతికున్న ప్రయోగశాల" అన్నారు. పొగడ్తే అనుకోండి, కాని ప్రయోగశాలకు ఒక గుణం ఉంది: ప్రయోగం అయిపోతే తాళం వేస్తారు. 2004 ఎన్నికల్లో రాష్ట్ర ప్రభుత్వం మారింది. 2005 ఫిబ్రవరిలో కంపెనీ పెద్ద కార్లీ ఫియోరినా పదవి దిగిపోయారు. మూడేళ్ళ గడువూ తీరింది. కంపెనీ వెళ్ళిపోయింది.

దీన్ని మోసం అనను. మూడేళ్ళని ముందే చెప్పారు, చెప్పినట్టే చేశారు. కెమెరా పట్టడం నేర్చుకున్న ఆడవాళ్ళకు ఆ ధైర్యం ఎటూ పోలేదు. కానీ ఒక ప్రింటరు చెడితే దాన్ని బాగుచేసేవాడు బెంగళూరులోనో ఇంకా దూరంలోనో ఉంటే, చెడిన రోజుతోనే ఆ ప్రింటరు పని సరి. పెట్టె తెచ్చివ్వడం ఒక ఎత్తు, చెడినప్పుడు వచ్చి చూసే మనిషి ఊళ్ళో ఉండడం ఒక ఎత్తు. ఇంట్లో మిక్సీ ఉన్న ప్రతి ఆడదానికీ తెలిసిన సంగతే ఇది.

సరే, మళ్ళీ వెతుకులాటకు వద్దాం. లాప్‌టాప్ బాగుంది, రూటరుతో మాట కలిసింది, అయినా "ఇంటర్నెట్ లేదు" అని రాస్తోంది. ఆ మాట లాప్‌టాప్‌కు ఎలా తెలుస్తుందో తెలుసా? విండోస్ అయితే మైక్రోసాఫ్ట్ వాళ్ళ దగ్గరున్న చిన్న పేజీ ఒకదాన్ని అడిగి చూస్తుంది. జవాబు రాకపోతే ఆ భూగోళం బొమ్మ వేస్తుంది. అంటే తెగింది ఇంటి బయట. అప్పుడు గోడకున్న డబ్బా మీద దీపాలు చూడాలి. ఎల్ఓఎస్ అని రాసినచోట ఎర్రగా వెలిగిందంటే బయటి నుంచి వెలుగు రావడం లేదని అర్థం. నిజంగానే వెలుగు. ఇప్పుడు ఇంటికొచ్చే తీగలో కరెంటు ఉండదు, గాజుపోగులో కాంతి ఉంటుంది.

పాత ల్యాండ్‌లైను ఫోనుకు ఒక గొప్పతనం ఉండేది. ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుంచి 48 వోల్టుల కరెంటు ఆ తీగలోనే వచ్చేది. అందుకే ఇంట్లో చీకటైనా ఫోను మోగేది. గాజుపోగు అలా కరెంటు తేలేదు. కరెంటు పోతే డబ్బా ఆరిపోతుంది. మా వారితో పోట్లాడి మరీ డబ్బాకూ రూటరుకూ ఇన్వర్టరు లైను లాగించాను. ఫ్యాను లేకపోయినా విసనకర్రతో నడుస్తుంది.

ఈ గాజుపోగులు మన రాష్ట్రంలో పల్లెలకు చేరిన తీరు కూడా చెప్పుకోదగ్గది. నేల తవ్వి పూడ్చాలంటే ఏళ్ళు పడుతుంది, డబ్బూ అవుతుంది. అందుకని ఫైబర్ గ్రిడ్ పథకంలో కరెంటు స్తంభాల మీదుగానే దాదాపు 24 వేల కిలోమీటర్లు లాగేశారు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు నెట్, టీవీ, ఫోను అన్నారు. ఆ నెలలోనే గూగుల్ వాళ్ళ అక్కచెల్లెలు కంపెనీ ఎక్స్‌తో ఇంకో ఒప్పందం ప్రకటించారు, తీగే లేకుండా మిద్దెల మీదా టవర్ల మీదా పెట్టెలు పెట్టి కాంతిని గాలిలోనే పంపే పెట్టెలు రెండు వేలు. వింటే మాయాబజార్ సినిమా గుర్తొచ్చింది నాకు.

స్తంభాల మీద తీగ తొందరగా వస్తుంది, తొందరగా తెగుతుంది కూడా. ఎత్తు లోడుతో లారీ పోయినా, కొమ్మలు కొట్టినా, కోతులు ఉయ్యాలూగినా అంతే. మా ఇంటికొచ్చే తీగ ఏ కంపెనీదైనా కావచ్చు, పేరెందుకు గాని, కస్టమర్ కేర్‌కు ఫోను చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని చివరికి ఫిర్యాదు నంబరు ఒకటి ఇస్తారు. నలభై ఎనిమిది గంటలంటారు. అమ్మాయి మీటింగు పదకొండుకు.

అలాంటప్పుడు ఫోను వెళ్ళేది రామకుప్పం వైపు కుర్రాడికి. బెంగళూరులో మూడేళ్ళు ఈ పనే చేసి, పెళ్ళయ్యాక ఊరికొచ్చేశాడు. "ఎర్ర దీపమా అక్కా, చూసి చెప్పు" అంటాడు మొదటే. అవునంటే బండి మీద వస్తాడు, కాదంటే ఏం చెయ్యాలో ఫోనులోనే చెప్తాడు. వచ్చాక చెట్టు కింద ఒక చిన్న పెట్టె తెరుస్తాడు. తెగిన రెండు కొనలూ ఒలుస్తాడు. లోపలి పోగు మందం 125 మైక్రాన్లు, మన తలవెంట్రుక కంటే కొంచెం అటూ ఇటూ. స్పిరిటు గుడ్డతో తుడిచి, కొనలు చదునుగా కోసి పెట్టెలో ఎదురెదురుగా పెడతాడు. మిషను తనంతట తానే రెండిటినీ సరిచేసి, చిటికెలో ఒక మెరుపుతో అతికిస్తుంది. తెర మీద ఎంత వెలుగు నష్టమైందో అంకె పడుతుంది. 0.02 అని వస్తే అతని ముఖం విచ్చుకుంటుంది, కాస్త ఎక్కువొచ్చిందా, కోసి మళ్ళీ మొదలు. మేడ మీద నుంచి "అమ్మా, వచ్చింది!" అని కేక వినబడేదాకా నేను కాఫీ గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడతాను.

తీగ చుట్టలు దాచుకోవడానికి అతనికి షెడ్డు లేదు. మొన్న వానలకు తడుస్తున్నాయంటే మా మెట్ల కింద పెట్టుకోమన్నాను. ఇప్పుడు మా వీధిలో ఎవరికి నెట్ పోయినా ముందు మా గేటు దగ్గరికే వస్తున్నారు.