విమానంలో ప్లగ్గుల కథ

మన ఇంట్లో మూడు పిన్నుల ప్లగ్గును ఎప్పుడైనా పరకాయించి చూశారా? పైనున్న పిన్ను మిగతా రెండిటికన్నా లావు, కాస్త పొడవు కూడాను. అందుకే తిరగేసి గుచ్చుదామన్నా సాకెట్టులో దూరదు. విమానాల్లో కూడా ఇదే ఉపాయంతో చేసిన ప్లగ్గులు వేల సంఖ్యలో ఉంటాయి. వాటిని కనెక్టర్లంటారు.

తొలినాటి విమానాల్లో వైర్లు బహు తక్కువ. ఇంజనుకు నిప్పురవ్వ అందితే చాలు. తరవాత దీపాలు వచ్చాయి, రేడియో వచ్చింది, రకరకాల మీటర్లు వచ్చాయి. రెక్క ఒకచోట, తోక ఒకచోట తయారుచేసి తెచ్చి కలిపే రోజుల్లో, ఒక్కో వైరుకూ టంకం వేస్తూ కూర్చుంటే తెల్లారినట్టే! అందుకని బోలెడు వైర్లను ఒకే గుండ్రటి ప్లగ్గులో చేర్చి, ఒక్క ఊపున కలిపే పద్ధతి వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం నాటికి అమెరికా సైన్యం, నౌకాదళం కలిసి వీటికి ఒకే కొలతలు పెట్టాయి. 1915లో లాస్ ఏంజిలిస్‌లో జేమ్స్ కానన్ స్థాపించిన కంపెనీ వీటికి ఎంత పేరుపడిందంటే, చాలామంది వీటిని కానన్ ప్లగ్గులనే పిలిచేవారు. అన్నట్టు, రేడియో స్టేషన్లో మైకు తీగ చివరన కనిపించే మూడు పిన్నుల ప్లగ్గు కూడా ఆ కంపెనీలో పుట్టిందే.

ఈ ప్లగ్గు అంచున ఒక గాడి, సాకెట్టులో దానికి సరిపోయే గట్టు ఉంటాయి. రెండూ ఎదురుపడితేనే లోపలికి వెళ్తుంది. పక్కపక్కన ఒకే సైజువి రెండుంటే, ఒకదాని పిన్నుల వరసను కొంచెం తిప్పి అమరుస్తారు. దీపం వైరు పోయి పెట్రోలు మీటరుకు తగులుకోకూడదు కదా! అదురుకు ఊడిపోకుండా మరచుట్టు రింగు బిగిస్తారు. ఇక బంగారం మోజు మనకొక్కరికే అనుకోకండి. చాలా కనెక్టర్ల పిన్నులకు బంగారు పూత ఉంటుంది. సోకుకు కాదు, బంగారం చిలుము పట్టదు కనుక.

యుద్ధకాలంలో ఈ పనుల్లోకి ఎందరో ఆడవాళ్ళు వచ్చారు. కాలిఫోర్నియాలో బర్బాంక్ అనే ఊళ్ళో, వేగా విమానాల ఫ్యాక్టరీలో, ఒకావిడ విద్యుత్ అమరికలను తనిఖీ చేస్తున్న 1942 నాటి ఫోటో ఇప్పటికీ ఉంది. ఆడవాళ్ళ వేళ్ళు సున్నితం గనుక ఇలాంటి పని బాగా వస్తుందనే మాట ఒకటుంది. నాకా మాట నచ్చదు. పటం చూసి, వైరు నంబరు చదివి, పొల్లుపోకుండా కలపడం బుర్రతో చేసే పని.

ఇంత చేసినా, ప్లగ్గు దాకా వైరు అందాలి కదా! ఎయిర్‌బస్ వారి రెండంతస్తుల ఎ-380 విమానంలో 500 కిలోమీటర్లకు పైగా వైరు, 40,000కు పైగా కనెక్టర్లు ఉన్నాయి. జర్మనీలోని హాంబర్గ్‌లో వైర్లు అమర్చిన భాగాలను ఫ్రాన్సులోని తులూజ్‌కు తెచ్చి కలపబోతే, వైర్లు పొట్టివై ఊరుకున్నాయి! గీతలు గీసే కంప్యూటరు ప్రోగ్రాము ఒకటే, కానీ హాంబర్గ్ వాళ్ళది పాత వెర్షను, తులూజ్ వాళ్ళది కొత్తది. ఒకరి కొలత మరొకరికి సరిగా అందలేదు. 2006 జూన్‌లో ఈ సంగతి బయటపడగానే కంపెనీ వాటాల ధర ఒక్కరోజులో పాతిక శాతానికి పైగా పడిపోయింది. పెద్ద తలకాయలు రాజీనామా చేశారు. జర్మనీ నుంచి వందలాది పనివాళ్ళు తులూజ్ వచ్చి, నెలల తరబడి ఆ వైర్లను చేత్తో సరిచేశారు. 2006లో అందవలసిన మొదటి విమానం సింగపూర్ ఎయిర్‌లైన్స్ చేతికి వచ్చేసరికి 2007 అక్టోబరు అయింది.