అసంపూర్ణ జ్ఞాపకశక్తి పరీక్ష: మార్కుల అంచనా

రోగి కొన్ని భాగాలు చేయలేనప్పుడు, చేసినవాటిని బట్టి మొత్తం మార్కులు లెక్కగట్టే పద్ధతి. 1975లో వెలువడిన ఎం.ఎం.ఎస్.ఇ. (మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్) పరీక్షకు 30 మార్కులు. చదవడం, వాక్యం రాయడం, బొమ్మ గీయడం ఒక్కో మార్కు. జగిత్యాలలోనో కోరుట్లలోనో బడి మొహం చూడని అవ్వనూ, సిరిసిల్లలో శుక్లాలు ముదిరి చూపు ఆనని మరమగ్గం కార్మికుణ్ణీ ఈ మూడూ అడగలేం. మిగిలిన 27కు 18 వస్తే, దాన్ని 27తో భాగించి 30తో హెచ్చిస్తే 20. ఆ మూడింటికీ సున్నా వేయడం అన్యాయం, ఉన్నదానికన్నా ఎక్కువ మతిమరుపు అంటగట్టినట్టే. అయితే చదువూ చూపూ ఉండి, జబ్బువల్లే చేయలేకపోతే సున్నానే వేయాలి. మూడు మాటలు చెప్పి, కాసేపాగి మళ్లీ అడిగే భాగం తప్పిపోతే అంచనా కట్టకపోవడమే మేలు. జ్ఞాపకానికి అదే గీటురాయి. అంచనా కట్టినప్పుడల్లా చీటీలో, పై లెక్కకైతే 20 పక్కనే ‘అంచనా, 27కు 18’ అని రాయాలి.